నాన్నగారిని మంచం దిగనివ్వకుండా చూసుకునే పద్ధతి

నాన్నగారికి గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, ఇంటికి పంపేశారు. ఇక మీ పని మొదలు. ముందు హాల్లో దివాన్‌ను టీవీకి ఎదురుగా జరపండి. రిమోటు, మంచినీళ్ళ సీసా, మాత్రల డబ్బా, సెల్లు ఛార్జరు చెయ్యి చాస్తే అందాలి. చెప్పులు మాత్రం కంటికి కనపడనివ్వకండి. చూస్తే నడవాలన్న దుర్బుద్ధి పుడుతుంది.

డిశ్చార్జి కాగితంలో మందులన్నీ అయ్యాక అట్టడుగున ‘రోజూ కొద్దికొద్దిగా నడక, రిహాబ్‌కు రావాలి’ అని ఉంటుంది. మెడికల్ షాపులో దొరకనిది మందెలా అవుతుంది? వదిలెయ్యండి.

ఎన్నాళ్ళు పడుకోబెట్టాలి అంటారా? మూడు వారాలు చాలు. దీనికి గట్టి ఆధారమే ఉంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను ఐదుగురిని, ఏ జబ్బూ లేనివాళ్ళను, మూడు వారాలు మంచానికే పరిమితం చేశారు. లేచేసరికి శ్రమ చేసేటప్పుడు ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళకు అదే ఐదుగుర్నీ వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఏ జబ్బూ లేని కుర్రాళ్ళకే అంత పని చేసిందంటే, అరవై దాటిన గుండె జబ్బు మనిషి దగ్గర మీ దివాన్ ఎంత త్వరగా ఫలితం చూపిస్తుందో ఊహించుకోండి. ఆ కథకు ఇంకో పేజీ ఉంది, ఇంట్లో ఎవరికీ చదివి వినిపించకండి: ఆ యాభయ్యేళ్ళ వాళ్ళు ఆరు నెలలు మెల్లగా వ్యాయామం పెంచుకుంటూ పోయి, ఇరవయ్యేళ్ళప్పటి శక్తిని తిరిగి తెచ్చుకున్నారు.

వెనకటికి పద్ధతి బాగుండేది. గుండెపోటు వస్తే వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు చెడగొట్టారు. 81 మంది రోగుల్ని తొలి రోజుల్లోనే మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల ఏ ప్రమాదమూ జరగలేదని 1952లో రాసేశారు. కాబట్టి చేతుల కుర్చీ ఉంటే అటక మీద పెట్టెయ్యండి.

రిహాబ్ సెంటరుకు అసలే తీసుకెళ్ళకండి. ఆరు నిమిషాల నడక అని ఒక పరీక్ష పెడతారు. ముప్ఫై మీటర్ల వరండా, నేల మీద గుర్తులు, చేతిలో గడియారం. అలిసిపోతే ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. చివర్న ఎన్ని మీటర్లో రాసిపెడతారు. కొన్ని వారాలకు ఆ అంకె పెరిగిందంటే మీ పరువు పోయినట్టే. వచ్చినవాళ్ళందరికీ ఆయన ఆ అంకే చెబుతారు. పైగా ఆరు నుంచి ఇరవై దాకా అంకెలున్న పట్టీ చూపించి ఎంత అలుపుగా ఉందో ఆయన్నే అడుగుతారు! మన ఇళ్ళల్లో నాన్నకు అలుపొచ్చిందో లేదో చెప్పేది అమ్మ కదా.

యోగా అంటూ మెత్తగా వచ్చేవాళ్ళతోనూ జాగ్రత్త. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో దాదాపు నాలుగు వేల మంది గుండెపోటు రోగులతో యోగా రిహాబ్ పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. మళ్ళీ గుండెపోటు, మరణం లాంటివి తగ్గాయని గట్టిగా తేల్చలేకపోయారు, అంతవరకు మనకు అనుకూలమే. కానీ యోగా చేసినవాళ్ళు పాత పనుల్లోకి బాగా తిరిగి వెళ్ళారట. పాత పనులంటే? రైతుబజారులో వంకాయలు ఏరడం, మనవణ్ణి బడి బస్సు ఎక్కించడం. మీరుండగా ఆయనకు అవెందుకు?

ఎంత చెప్పినా వినక కదులుతానంటే, కొద్దికొద్దిగా మాత్రం వద్దు. ఒకేసారి అలిపిరి తీసుకెళ్ళండి. మూడున్నర వేల మెట్లు, ఎలాగూ మొక్కుంది. గాలిగోపురం దాకానైనా ఎక్కకుండానే కూలబడితే, ‘చెప్పానా’ అనడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

నెల తర్వాత చెకప్‌లో డాక్టరు గారు ‘నడుస్తున్నారా?’ అని ఆయన్నే అడుగుతారు. ఆయన నోరు తెరిచేలోపు మీరు అందుకోండి: ‘అడుగు కింద పెట్టనిస్తే ఒట్టండీ, పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాం.’