ఓడ కాక

గోదావరికి దగ్గర్లో ఉన్న వెల్గటూర్‌కు సముద్రంతో ఏ చుట్టరికమూ లేదు. అయినా అక్కడ ఒక మహానౌకకు హక్కుదారు ఉంటాడు. వెల్గటూరే కాదు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ దుబాయికి మనుషుల్ని పంపిన ఏ ఊరికి పోయినా చాయ్ హోటల్ బల్ల మీద ఇతగాడు తగులుతాడు. అరవైకి అటూ ఇటూ వయసు. గొలుసు వదులై మోచేతి దాకా జారే గడియారం, ఎండాకాలంలోనూ మెడకు చుట్టుకున్న తువ్వాల. ఫోన్‌లో మనవరాలి పుట్టువెంట్రుకల ఫొటోకూ వరికోత మిషన్ ఫొటోకూ నడుమ ఒక ఓడ ఫొటో ఉంటుంది. అందులో ముప్పాతిక వంతు ఇనుప కంచె, పావు వంతు ఓడ. "అగో, గిదే బిడ్డా క్వీన్ ఎలిజబెత్ టూ. మన షిప్పు" అంటూ వేలితో కంచెను పక్కకు జరపబోతాడు. వరికోత మిషన్ వస్తుంది. పోరగాండ్లు అతనికి ఓడ కాక అని పేరు పెట్టి ఎదురుగానే పిలుస్తారు. అతనూ నిండుగా పలుకుతాడు.

అతను మనది అంటున్న ఓడను 1967 సెప్టెంబర్ 20న స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ఇంగ్లండ్ రాణి స్వయంగా పేరు పెట్టి నీళ్లలోకి వదిలింది. పొడవు 963 అడుగులు. కాక లెక్కలో బస్టాండు కాడ మొదలైతే ఊరు దాటి పొలాల్లోకి పోతుంది. 1969 నుంచి 2008 దాకా అట్లాంటిక్ మీద తిరిగింది, 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి సైనికుల్ని మోసింది. కాకకు ఇవేవీ అక్కరలేదు. అతని దృష్టిలో ఆ ఓడ చరిత్ర 2008 నవంబర్ 26న, దుబాయి పోర్ట్ రషీద్‌కు వచ్చిన రోజున మొదలవుతుంది. అంతకు ముందటి ముప్పై తొమ్మిదేళ్లూ దుబాయికి వచ్చే దారిలో అయిన ఆలస్యం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు, నవ్వాలి కూడా. కానీ ఓడల సంగతి కాస్త తిరగేస్తే నవ్వు మధ్యలో ఆగుతుంది. పాత ఓడ బతకడానికి దాని ఇనుము ఎంత గట్టిదన్నది లెక్కలోకి రాదు. అది మాదని మొండికేసే జనం ఉన్నారా లేదా అన్నదే లెక్క. ఆ జనంలో చోటు మాత్రం మెత్తటి పరుపు మీద పడుకుని ప్రయాణం చేసినవాళ్లకే దక్కుతూ వచ్చింది. 1926లో కట్టిన రజులా అనే ఓడ మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు దాదాపు అర్ధ శతాబ్దం తిరిగింది. మలయా రబ్బరు తోటలకు పోయే కూలీలు వేలకొద్దీ దాని డెక్కు మీదే వండుకుని, అక్కడే పడుకుని సముద్రం దాటారు. 1973లో అది చేతులు మారింది, ఆ వెంటనే తుక్కు కింద కోశారు. బొంబాయి నుంచి కరాచీ మీదుగా గల్ఫ్ రేవులకు తిరిగిన ద్వారకా అనే ఓడ 1982 దాకా పనిచేసి అదే దారి పట్టింది. ఈ రెండింటికీ ఒక సంఘం లేదు, చందా పుస్తకం లేదు, ఏటేటా కోటు వేసుకుని కలుసుకునే పాత ప్రయాణికులు లేరు. డెక్కు మీద పోయినవాడు ఒడ్డు దిగగానే కంగాణీ వెనుకో మేస్త్రి వెనుకో నడవాలి. ఓడ వైపు తిరిగి చూసే తీరిక అతనికి ఎక్కడిది?

మరి సంఘాలున్న ఓడలన్నీ బతికాయా అని అడగవచ్చు. యునైటెడ్ స్టేట్స్ అనే అమెరికా ఓడ 1952లో తన తొలి ప్రయాణంలోనే అట్లాంటిక్‌ను 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటి రికార్డు కొట్టింది, 1969లో పని మానింది. దాన్ని గీసిన ఇంజనీరు మనవరాలే ముందుండి నడిపిన సంఘం 2011లో దాన్ని కొన్నది. చివరికి ఫిలడెల్ఫియా రేవు కిరాయి తగాదాలో కోర్టు ఖాళీ చేయమన్నది. 2024లో ఫ్లోరిడాలోని ఒక కౌంటీ, ముంచి చేపలకు గూడు చేయడానికి కొన్నది. అంత పెద్ద పడవ కిరాయి కాడ ఓడిపోయింది. కాబట్టి అభిమానుల వల్ల ఏమీ కాదు అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పని మానేశాక అది యాభై ఏళ్లకు పైగా తేలింది. రజులాకు రెండేళ్లు కూడా దక్కలేదు. ఆ తేడా ఇనుములోది కాదు.

ఇక కాక హక్కు దగ్గరికి వద్దాం. క్వీన్ ఎలిజబెత్ టూ ను దుబాయి కంపెనీ ఒకటి 2007లో 10 కోట్ల డాలర్లకు కొన్నది. పొగగొట్టాన్ని కోసి గుమ్మం ముందు పెట్టి, దాని స్థానంలో అద్దాల మేడ కట్టాలని పథకం. ఓడ అభిమానులు లబలబలాడారు. వాళ్ల మొర కన్నా ముందు 2008 ఆర్థిక సంక్షోభం వచ్చి ఆ పథకాన్ని ఆపింది. పొగగొట్టాన్ని కాపాడింది భక్తి కాదు, దివాలా. అదే సంక్షోభం దుబాయిలో క్రేన్లను ఆపేసింది, సైట్లు మూయించింది. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే తెలంగాణ పోరగాండ్లు ఎందరో వాపసు వచ్చారు. మిగిలినవాళ్లలో కొందరు కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయ్యి దొంగచాటుగా పనిచేశారు. ఓడా అంతే. పని లేక, పోవడానికి తావు లేక, పదేళ్లు ఒకే చోట కట్టేసి ఉంది. ఈ ఏడు హోటల్ అవుతుందన్నారు, మరుసటేడు తూర్పు దేశాలకు పంపుతామన్నారు. ఇవాళ రేపు అంటూ వీజా మీద తిప్పే ఏజెంటు మాటలు విన్నవాడికి ఆ ఓడ బాధ విడమరిచి చెప్పాలా? దుబాయిలో పనిచేసే రోజుల్లో క్యాంపు బస్సులో పోతూ రోజూ దాన్ని చూసినవాడు "మన షిప్పు" అన్నాడంటే అందులో డాబు కన్నా సాటివాడి పలకరింపు ఎక్కువ.

అసలు ఎక్కనేలేదు కదా అన్నది పెద్ద ఆక్షేపణ. నిజమే, ఓడ హోటల్‌గా 2018 ఏప్రిల్ 18న తెరుచుకునేసరికి కాక ఇంటికి వచ్చి వరి వేసుకుంటున్నాడు. లోపల క్వీన్స్ రూమ్ ఎట్లా ఉంటుందో చూడకుండానే వర్ణిస్తాడు, అతని వర్ణనలో అది కొంత కొండగట్టు గుడిలా, కొంత జగిత్యాలలోని ఏసీ ఫంక్షన్ హాలులా ఉంటుంది. కానీ ఎక్కినవాళ్ల జ్ఞాపకం మాత్రం చూసింది చూసినట్టు ఉంటుందా? ఓడ కొత్తలోనే టర్బైన్లు మొరాయించి తొలి ప్రయాణం నెలల తరబడి వెనక్కి పోయింది. 1974లో బాయిలర్లు చెడి నడిసముద్రంలో ఆగితే ప్రయాణికుల్ని ఇంకో ఓడలోకి దింపారు. 1994 డిసెంబరులో మరమ్మతు ముగియకుండానే బయలుదేరి, పైపులు సరిగ్గా లేని గదుల్లో జనాన్ని తీసుకుపోయింది. 1986-87లో ఆవిరి యంత్రాల్ని పీకేసి డీజిల్ ఇంజన్లు పెట్టారు, అంటే గుండెకాయే మారింది. పాత ప్రయాణికుల ముచ్చట్లలో ఇవన్నీ పక్కకు పోయి వెన్నెల, బ్యాండు మేళం, కెప్టెన్ చేయి కలిపిన రాత్రి మిగులుతాయి. వాళ్లు ఎక్కి మరిచిపోయారు, కాక ఎక్కకుండా గుర్తుపెట్టుకున్నాడు. అతని కోతలకు వేరే శిక్ష వేస్తామంటే అది న్యాయం కాదు.

వెల్గటూర్‌లోనే చదువుకున్నవాళ్లు ఇంకో మాట అంటారు, ఇది బరువైనది. మండలంలోనే కోటిలింగాల ఉంది. శాతవాహనుల నాణేలు దొరికిన నేల, సిముకుడి పేరున్న నాణెం కూడా బయటపడిన చోటు. ఆ దిబ్బల్ని ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ముంచుతుంటే మాట్లాడనివాడు దుబాయి రేవులో పడవ గురించి దిగులుపడతాడా? కాక దీనికి "గది సర్కారు జూసుకుంటది" అని తప్పించుకుంటాడు, అక్కడ అతన్ని వెనకేసుకు రావడం నాకూ కష్టమే. అయితే ఆక్షేపించినవాళ్లు కూడా కోటిలింగాల కోసం చాయ్ హోటల్లో రోజూ ఒక గంట గొంతు చించుకుంటున్నవాళ్లేమీ కారు. ఓడకు కాక ఉన్నట్టు ఆ దిబ్బకు ఒకడు కావాలి. కాస్త విసిగించేవాడు, లెక్కలు పెంచేవాడు, వద్దన్నా ఫొటో చూపించేవాడు. పండితులు తవ్వి గుర్తించారు, పుస్తకాల్లో రాశారు. ఊరిని విసిగించే పని మాత్రం పండితుల వల్ల కాదు.

ఈమధ్య కాకకు కొత్త తగాదా వచ్చింది. ఇంటర్ చదివే పోరడు గూగుల్‌లో వెతికి, ఓడ పొగగొట్టం తెల్లగా ఉన్న ఫొటో తెచ్చి బల్ల మీద పెడతాడు. "కాకా, నువ్వు ఎర్రగ ఉంటదంటివి?" "గది డూప్లికేటురా. నా కండ్లతోని చూసిన, ఎర్రగనే ఉండె. మనోళ్లే ఏసిండ్రు పెయింటు." ఇద్దరూ సగం సరైనవాళ్లే. మొదట్లో అది తెల్లగానే ఉండేది, ఫాక్‌లాండ్స్ నుంచి తిరిగొచ్చాక 1982లో అప్పటి యజమాని కునార్డ్ కంపెనీ దానికి తన ఎర్ర రంగు వేసింది. ఆ తొలి పూత ఇంగ్లండువాళ్లది. ఆ తర్వాత దుబాయి ఉప్పుగాలిలో పదేళ్లు నిలిచిన ఓడను హోటల్‌గా తెరిచేముందు ముస్తాబు చేసినప్పుడు, బ్రష్షు పట్టి తాడు మీద వేలాడినవాళ్లు ఏ జిల్లావాళ్లో ఏ శిలాఫలకమూ చెప్పదు. కాబట్టి పెయింటు విషయంలో కాకను కాదనడానికి ఆ పోరడి దగ్గర గానీ నా దగ్గర గానీ ఆధారమేమీ లేదు.