సలహా ఉచితం, ఫీజు మూడు వాయిదాలు

రాయ్‌పూర్ టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఉంది. 2012 నుంచీ డాక్టర్ చదువు చెబుతోంది. కాబట్టి ఆ చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డా డాక్టరే! లెక్క తేలిపోయాక ఇంకా కెరీర్ గైడెన్స్ ఎందుకండీ?

ఉచితం కదా, అందుకు. పదో తరగతి పరీక్షలు ముగియకముందే కోచింగ్ సెంటర్ నుంచి ఫోను మోగుతుంది. ఆదివారం సెమినార్, అమ్మానాన్నలు తప్పక రావాలట. ఏసీ హాలు. సమోసా. టై కట్టిన కౌన్సెలర్. పిల్లకు ఏమిష్టమో ఆయన అడగడు. నాన్న ఏం చేస్తారో అడుగుతాడు. తర్వాత ఆప్టిట్యూడ్ టెస్టు. బొమ్మలు వేసే పిల్లకు నీట్ అని తేలుతుంది. మాటకారి పిల్లాడికి జేఈఈ అని తేలుతుంది. ఏమీ తేలనివాడికి ఫౌండేషన్ కోర్సు. ఇంతకీ పరీక్ష బుర్రకా, బ్యాంకు ఖాతాకా?

పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్‌లో చేర్చుకోవద్దని కేంద్రం 2024 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు గ్యారంటీ అనొద్దంది. ఇంజనీరింగ్, మెడిసిన్ కాక వేరే దారులూ చూపించమంది. చూపిస్తున్నారు మహానుభావులు! ఏడో తరగతి బ్యాచ్‌కు దారి, ఎనిమిదో తరగతి బ్యాచ్‌కు దారి. ఇక బడులా? పేరు రిజిస్టర్లో, పిల్లాడు కోచింగ్‌లో. డమ్మీ విద్యార్థుల వంటి అక్రమాలకు 2024 మార్చిలో సీబీఎస్ఈ దేశంలో 20 బడుల గుర్తింపు రద్దు చేసింది. జాబితాలో రాయ్‌పూర్ కూడా తలెత్తుకుని నిలబడింది.

మన తెలుగువాళ్లేమైనా తక్కువ తిన్నారా? రైల్వే ఉద్యోగమనో, వ్యాపారమనో ఇక్కడికొచ్చి రెండు తరాలైనా, పిల్లల చదువనగానే మనసు బెజవాడ, విశాఖ హాస్టళ్ల మీదికే పోతుంది. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా వచ్చింది. పడేసి రావడం మరీ సులువైంది. ఆ విశాఖలోనే నీట్‌కు చదువుతూ పదిహేడేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దంది. మీవాడిది ఏ బ్యాచ్? అడిగారా? అడిగే ఉంటారు, పక్కింటివాళ్లకు చెప్పుకోవాలి కదా!

2024లో నీట్‌కు పేర్లిచ్చినవాళ్లు దాదాపు 24 లక్షలు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. మిగతా లక్షల మందికి సెమినార్ ఎవడు పెడతాడు? సమోసా ఎవడు పెడతాడు? ఆ ఎయిమ్స్‌లోనే బీఎస్సీ నర్సింగ్ ఉంది. ల్యాబు, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ, మందుల గది, లెక్కల గది... అన్నిచోట్లా మనుషులే పనిచేస్తున్నారు. వాళ్ల ఊసు ఏ హాల్లోనూ రాదు. ఖైరాగఢ్‌లో 1956 నుంచీ సంగీతానికి, లలిత కళలకే ఒక విశ్వవిద్యాలయం ఉంది. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వేల వరి రకాలను భద్రపరిచింది. పిల్లాడు వరి చదువుతానంటే? అమ్మో, పరువు! మూడు పూటలా తినే అన్నానికి లేని నామోషీ చదువుకొచ్చింది.

వచ్చే ఆదివారం వెళ్లండి, సమోసా తినండి. తర్వాత లేచి ఒక్కటే అడగండి: ‘మీ దగ్గర ఫీజు కట్టీ సీటు రానివాళ్లు ఎందరు? ఇప్పుడేం చేస్తున్నారు?’ ఆ జాబితా చేతిలో పెట్టేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.