అడగని గైడు

ఎవరూ అడగకుండానే గైడు అవతారం ఎత్తే మనుషులుంటారు. నేను ఆ జాతివాణ్ణే. శాన్ రామన్‌లో కొడుకింటికి వచ్చినప్పటి నుంచీ, పొద్దున్నే పార్కులో కనిపించే ప్రతి తెలుగు పెద్దమనిషికీ అమెరికా మీద ఓ పాఠం చెప్పందే నాకు కాఫీ దిగదు. నాతోపాటు ఒకే బ్యాంకులో పనిచేసి రిటైరైన మిత్రులిద్దరు కూడా ఈ వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చారు. ఒకాయనది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. రెండో ఆయన ఫిరంగిపురం రెడ్డిగారు, కేథలిక్కు. ఇద్దరూ క్రైస్తవులే కాబట్టి ఒకే టూరుతో ఇద్దరి రుణమూ తీరిపోతుందనుకున్నాను. "మీ దేవుడి గుళ్ళన్నీ చూపిస్తా పదండి" అన్నాను.

కారెక్కగానే మొదలుపెట్టాను. శాన్ రామన్ అంటే రామన్ అనే పునీతుడి పేరు మీద వెలసిన ఊరని, ఆయన గొప్ప మహిమలు చేశాడని. "పండుగ ఎప్పుడండీ?" అని రెడ్డిగారు అడిగితే ఒక నెల కూడా చెప్పేశాను. తర్వాత ఊరి చరిత్ర చదివితే తేలిందేమిటంటే, రామన్ మిషన్ గొర్రెలను ఈ లోయలో మేపిన మనిషి. స్పానిష్ వాళ్ళ ఆనవాయితీ కొద్దీ ముందు 'శాన్' తగిలించారని ఇక్కడి భూస్వామి అమడోర్ ఒక భూమి దావాలో చెప్పాడట. గొర్రెల కాపరికి నేను మహిమలు అంటగట్టాను.

ఆ గొర్రెలు ఏ మిషన్‌వో, మేం ముందు వెళ్ళింది అక్కడికే. ఫ్రీమాంట్‌లోని మిషన్ శాన్ హోసే. కాలిఫోర్నియాలో స్పానిష్ ఫ్రాన్సిస్కన్ గురువులు పెట్టిన 21 మిషన్లలో 14వది, 1797లో మొదలైంది. తెల్లటి గోడ మీద అరచెయ్యి ఆనించి, "రెండు వందల ఏళ్ళ మట్టిగోడ! తాకి చూడండి" అన్నాను. రెడ్డిగారు తాకి కళ్ళకద్దుకున్నారు కూడా. లోపలికెళ్ళి బోర్డు చదివితే, అసలు చర్చి 1868 భూకంపంలో కూలిపోయిందట. ఇప్పుడున్నది మళ్ళీ కట్టి 1985లో ప్రతిష్ఠించింది. పాతది కట్టిన చేతులు ఓలోనీ ఆదివాసులవి. జబ్బులతో వేలమంది చనిపోయి ఆ చుట్టుపక్కల మట్టిలోనే ఉన్నారు. వాళ్ళ గురించి నా పాఠంలో ఒక్క ముక్క లేదు.

రెడ్డిగారు తీర్థంలో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుని మోకరించారు. ఒంగోలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భక్తి చాలడం లేదనిపించి, "మొహమాటపడకండి, మీరూ మోకరించండి, ఫోటో తీస్తాను" అన్నాను. "మాకా పద్ధతి లేదండీ" అన్నాడు. ఆయన వాళ్ళ సంఘంలో పెద్ద. ఆయనకు నేను, "అందరికీ ఏసు ఒక్కడే కదా" అని బోధించాను.

కారులో రెడ్డిగారే నన్ను దారిలో పెట్టబోయారు. "బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు సార్. ఎదిగి, నమ్మి, నీళ్ళలో మునగాలి. 1878 జూలై 3న మిషనరీ క్లౌ దొరగారి కాలంలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు." వింటూనే నేను జీపీఎస్‌తో వాదన పెట్టుకున్నాను.

ఓక్లాండ్‌లో క్రైస్ట్ ద లైట్ కేథడ్రల్. పాత కేథడ్రల్ 1989 భూకంపంలో దెబ్బతింటే, దాని బదులు 2008లో అద్దాలతో, కలపతో దీన్ని కట్టారు. "చర్చిలా లేదు, ఎయిర్‌పోర్టులా ఉంది" అని తీర్పు చెప్పాను. పీఠం వెనక అల్యూమినియం పలకలకు 94 వేల రంధ్రాలు పొడిచారు. వాటిలోంచి వచ్చే వెలుతురే క్రీస్తు బొమ్మ అవుతుంది. విగ్రహాలతో పనిలేని ఒంగోలాయన అందరికంటే ఎక్కువసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నేను "టైమైంది" అని కేకేశాను.

చివరికి కొండమీది మోర్మన్ టెంపుల్. 1964 నాటి కట్టడం, అయిదు శిఖరాలు. తోటలోకి ఎవరైనా వెళ్ళొచ్చు, టెంపుల్ లోపలికి మాత్రం వాళ్ళ సంఘంలో అర్హత పత్రం ఉన్నవాళ్ళే వెళ్ళాలి. నాకు ఒళ్ళు మండింది. సందర్శకుల కేంద్రంలో ఉన్న అమ్మాయితో, "దేవుడి ఇంటికి గేటేమిటమ్మా?" అని తగువు వేసుకున్నాను. ఆదివారం ఆరాధన వేరే చర్చిల్లో జరుగుతుందని, అక్కడికి అందరూ రావచ్చని పాపం ఓపిగ్గా చెప్పింది. టెంపుల్ లోపల పెళ్ళి జరిగితే, సంఘంలో లేని తల్లిదండ్రులైనా బయటే ఉండాలట. "ఇదెక్కడి అన్యాయం! చూశారా?" అని ఒంగోలాయన వైపు తిరిగాను. ఆయన నవ్వాడు.

ఆ నవ్వు చూశాక గుర్తొచ్చింది. ఎప్పుడో బ్యాంకు వాళ్ళం కొందరం ఎల్టీసీ మీద పూరీ వెళ్ళాం. అక్కడ హిందువులు కానివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. ఒంగోలాయన మా చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చున్నాడు. మేం దర్శనం చేసుకుని, తాపీగా ఫోటోలు దిగి వచ్చాం. పైగా నేను ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టి, ఉపకారం చేసినట్టు పొంగిపోయాను. ఆయన తిన్నాడో లేదో చూడలేదు. ఆ గేటు ముందు నాకు ఒళ్ళు మండలేదు.

తిరుగు ప్రయాణంలో నోరు విప్పి, "పూరీలో మిమ్మల్ని బయట కూర్చోబెట్టాం కదండీ" అన్నాను. "ఒక్క జత కూడా పోలేదు సార్" అన్నాడు. రెడ్డిగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, ఇంకేం చేయను?

దిగేటప్పుడు ఒంగోలాయన, వచ్చే ఆదివారం ఇక్కడి తెలుగువాళ్ళ ఆరాధన ఉంది, రమ్మన్నాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి, నాలాంటివాడు చేయకూడనిది ఏమైనా ఉందా అని అడిగాను. ఇన్నేళ్ళ స్నేహంలో ఆయన విశ్వాసం గురించి నేను ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్నలవే.