గార్నెట్ రేణువు కథ: దారింగిబాడి కొండ నుంచి గంజాం తీరం దాకా

ఒడిశాలోని కంధమాల్, గంజాం జిల్లాల్లో పరుచుకున్న తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. ఈ కొండల్లో ఉండే ఖోందు గిరిజనుల పేరునే టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో ఆ రాయికి పెట్టాడు. క్వార్ట్‌జ్, ఫెల్‌స్పార్, సిల్లిమనైట్, గార్నెట్ కలిసిన రాయి అది. ఈ కథ అందులోని ఒక గార్నెట్ రేణువుది. రంగు ఎరుపు, మామూలు ఇసుక రేణువు కంటే బరువు ఎక్కువ. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, ఎప్పటిదో బంకమట్టి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిపోతున్నప్పుడు పుట్టింది. వానలకు నాని రాతిలోని ఫెల్‌స్పార్ తెల్లని సుద్దగా కరిగిపోతుంది. గార్నెట్ కరగదు, విడిపడి మట్టిలో మిగులుతుంది. ఈ రేణువు కూడా అలాగే కంధమాల్‌లోని దారింగిబాడి కొండవాలు ఎర్రమట్టిలో చేరింది.

ఆ మట్టే కొండవాళ్ల జీవనాధారం. పోడు చెక్కల్లో రాగి, సామ, కంది కలిపి చల్లుతారు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి వస్తుందన్న లెక్క అందులో ఉంది. నగదు తెచ్చేది పసుపు. మైదానంలో ఏడాదిలోపే తవ్వేసే ఈ దుంపను కంధమాల్‌లో చాలాచోట్ల రెండేళ్లు నేలలోనే ఉంచుతారు. పాదులమీద ఆకులు కప్పి, రసాయన ఎరువులు లేకుండానే పెంచుతారు. తవ్వినది ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, గోనెల్లో సంతకు దించుతారు. 1998 నుంచి కాసమ్ అనే సుగంధద్రవ్యాల సంఘం రైతుల పసుపును కొని అమ్మిపెడుతోంది. 2019లో కంధమాల్ పసుపుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా కొండమీద కల్లంలో ఉన్న పసుపుకు ధర కట్టేది కింద మైదానంలోని వ్యాపారే. అప్పు తీర్చాల్సిన ఇల్లు మంచి ధర వచ్చేదాకా సరుకు పట్టుకుని కూర్చోలేదు. రెండేళ్ల కాపలాకు ఇది చాలా అన్యాయమైన ప్రతిఫలం.

అడవి ఇచ్చేది ఇంకా ఎక్కువే, ఎవరి లెక్కలకూ పూర్తిగా అందనిదీ అదే. వేసవిలో విప్పపువ్వు, చింతపండు, విస్తళ్లకు అడ్డాకు, కొండచీపుర్లు. తెల్లవారకముందే వెళ్లి విప్పపువ్వు ఏరేదీ, అడ్డాకు కుట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లు. బీడీ ఆకు వ్యాపారాన్ని 1973లో ఒడిశా ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. సాల కలప సంగతి వేరు. 1830లలో గంజాంలోని ఘుముసర్ జమీందారీ ఆంగ్లేయుల చేతికి చిక్కాక సాలవనాలు సర్కారు ఆస్తి అయ్యాయి. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లకు వాటిమీద హక్కు ఉందని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది.

వాన పెద్దదైతే వాలు మట్టి వాగులోకి, వాగు ఋషికుల్యలోకి దిగుతాయి. దారింగిబాడి కొండల్లో పుట్టిన ఈ నది 165 కిలోమీటర్లు నడిచి, డెల్టా కట్టకుండానే బంగాళాఖాతంలో కలుస్తుంది. రేణువు ప్రయాణం ఏకబిగిన సాగలేదు. వరదకు కొంత దూరం దొర్లి, నీరు తగ్గితే వంపులో ఆగి, మళ్లీ వరద కోసం ఎదురుచూసింది. సురడా దగ్గర ఆనకట్ట అడ్డుపడింది. 1866 కరువులో జనం గుంపులుగా చచ్చిపోయాక, ఆ శతాబ్ది చివర్లో కట్టిన ఋషికుల్య కాలువల పథకంలో అది భాగం. సురడా, రసెల్‌కొండ జలాశయాలూ అప్పటివే. రసెల్‌కొండను ఇప్పుడు భంజనగర్ అంటారు. కొండలమీద కురిసిన వాన అక్కడి నుంచి వరికీ, అస్కా చుట్టుపక్కల చెరకుకీ పారుతుంది. అస్కాలో 19వ శతాబ్దిలో దొరల చేతిలో మొదలైన చక్కెర పరిశ్రమ ఇప్పుడు రైతుల సహకార మిల్లుగా నడుస్తోంది.

నీటితో పాటు మనుషులూ దిగిపోతారు. ఒకప్పుడు గంజాం కూలీలు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. ఇప్పుడు బరంపురంలో రైలెక్కి సూరత్ మరమగ్గాలకు వెళ్తున్నారు. వాళ్లు పంపే డబ్బు లేకపోతే ఇక్కడి ఎన్నో పల్లెల్లో సేద్యం సాగదు.

2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను వరద ఈ రేణువును నదీముఖం చేర్చింది. అక్కడి ఇసుకతిన్నెలమీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెడతాయి. ఒడియావాళ్లు నోలియాలనే తెలుగు జాలర్ల ఊళ్లు ఆ తీరం వెంట ఉన్నాయి. తాబేళ్ల రక్షణకు నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ ముఖద్వారం దగ్గర వేట నిషేధం. తీరానికి కొంచెం లోపల మొగలి పొదలు, పువ్వు నుంచి అత్తరు తీసే బట్టీలు ఉన్నాయి.

నదీముఖానికి దక్షిణాన, ఛత్రపురం దగ్గర సుమారు 18 కిలోమీటర్ల పొడవున ఈ రేణువు బంధువులు తిన్నెలుగా పేరుకుని ఉన్నాయి. కొండలు కరిగి దింపిన బరువైన ఖనిజాలను అలలు జల్లించి అక్కడ వదిలాయి. తేలికైన ఇసుకను సముద్రం లాక్కుపోయింది. 1980లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ అక్కడ కర్మాగారం పెట్టింది. నీటిలో తేలే డ్రెడ్జర్ ఇసుక తవ్వుతుంది. మెలికలు తిరిగిన తొట్లు బరువును బట్టి, అయస్కాంతాలూ విద్యుత్తూ గుణాన్ని బట్టి ఖనిజాలను వేరుచేస్తాయి. ఇల్మనైట్ తెల్లరంగు తయారీకి, జిర్కాన్ పింగాణీకి, మోనజైట్ అరుదైన మూలకాలకూ థోరియానికీ, గార్నెట్ లోహాల తుప్పు గీకడానికీ నీటిధారతో ఉక్కు కోయడానికీ వెళ్తాయి.

2015 చట్ట సవరణ ప్రకారం గనుల యజమానులు జిల్లా ఖనిజ నిధికి వాటా కట్టాలి. గని ఉన్న జిల్లాకే ఆ నిధి చెందుతుంది కాబట్టి ఛత్రపురం ఇసుక సొమ్ము గంజాం ఖాతాలో పడుతుంది. దారింగిబాడి ఉన్న బల్లిగూడ ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా ఏజెన్సీయే. ఇప్పుడు అది కంధమాల్‌లో ఉంది. రేణువులు రాలిన ఆ వాలుకు ఈ నిధిలో వాటా లేదు.