మంచం కోడు కింద ఇటుకని

నాది గోదావరి ఒండ్రు మట్టి. ఊక బట్టీలో కాలి గట్టిపడ్డాను. మట్టిలో ఉన్న ఇనుమే నిప్పు తగిలాక నాకీ ఎరుపు తెచ్చింది. మాస్టారి ఇంటికి ప్రహరీ కట్టడానికి దింపిన లోడులో వచ్చాను. గోడ పూర్తయ్యాక మిగిలిన మేము కొందరం నూతి పక్కన కుప్పగా ఉండిపోయాం. వానలకు నాచు పట్టింది. గోడకెక్కని ఇటుకను ఎవరు తలుచుకుంటారు?

మాస్టారి అమ్మాయి తలుచుకుంది. హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడే మాలో నలుగుర్ని ఏరి, రుద్ది కడిగి, ఎండబెట్టి పడగ్గదిలోకి తెచ్చింది. పట్టె మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి చొప్పున పేర్చింది. కిటికీ వైపు కోడు కింద పైన ఉన్నదాన్ని నేను. కోడు జారకుండా నా మీద పాత సైకిల్ ట్యూబు ముక్క పరిచింది. మా మందం మూడేసి అంగుళాలు, రెండు కలిస్తే ఆరు. మాస్టారికి వైద్యం చేసే డాక్టరమ్మ చెప్పిన ఎత్తు అంతే.

"రెండు దిండ్లు వేసుకుంటే చాలదా అమ్మా?" అన్నారు మాస్టారు.

"చాలదు నాన్నా. దిండ్లు వేస్తే మెడా నడుమూ వంగుతాయి. పొట్ట నొక్కుకుని కడుపులోని పులుపు ఇంకా పైకి తంతుంది. మనిషంతా ఏటవాలుగా పడుకోవాలి."

ఆ అమ్మాయి చెప్పింది నిజమని ఆ కోడు మోస్తున్న నాకు తెలుసు. అన్నవాహిక అడుగున ఉండే బిగుతు కండరం సడలితే కడుపులోని ఆమ్లం పైకొస్తుంది. పగలైతే మనిషి నిలబడతాడు, కూర్చుంటాడు, గుటకలు వేస్తాడు, లాలాజలం దాన్ని కిందికి కడిగేస్తుంది. నిద్రలో గుటకలు తగ్గిపోతాయి, లాలాజలమూ తగ్గుతుంది. పైకొచ్చిన ఆమ్లం అక్కడే నిలిచి గొంతుదాకా మండిస్తుంది. తలవైపు ఎత్తుగా ఉంటే అది తొందరగా కిందికి దిగుతుంది. ఇంతకుముందు మాస్టారు అర్ధరాత్రి లేచి కూర్చుని పులితేన్పులతో దగ్గేవారట. మేము వచ్చిన కొత్తలో "కిందికి జారిపోతున్నానే" అని విసుక్కునేవారు. తర్వాత ఆ మాట తగ్గింది, దగ్గూ తగ్గింది.

అయితే ఇది అందరి ఇళ్లలో ఉండే గుండెల్లో మంట లాంటిది కాదు. మాస్టారికి పాలీసైథీమియా వేరా ఉంది. ఎముకల మూలుగలో ఎర్రకణాలు అవసరాన్ని మించి పుట్టే దీర్ఘకాలపు రక్తవ్యాధి. మొహం ఎర్రబడితే ఇరుగుపొరుగు "రిటైరయ్యాక మాస్టారికి రక్తం బాగా పట్టింది" అని సంతోషించారట. వేన్నీళ్ల స్నానం చేసిన ప్రతిసారీ ఒళ్లంతా దురద, ఎప్పుడూ తలబరువు. చివరికి పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 19 దాటింది. ఆ తర్వాత జాక్2 అనే జన్యువులో మార్పు కనిపించింది. ఈ జబ్బున్నవాళ్లలో నూటికి తొంభై అయిదు మందికి పైగా ఉండే ఆ మార్పును శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. "నాకూ వస్తుందా?" అని అమ్మాయి అడిగితే, ఇది సాధారణంగా పుట్టుకతో వచ్చేది కాదనీ, బతుకు మధ్యలో మూలుగ కణంలో వచ్చిన మార్పనీ డాక్టరమ్మ చెప్పిందట.

దీనికి మొదటి వైద్యం రక్తం తీసెయ్యడమే. రక్తంలో ఎర్రకణాల వంతును హెమటోక్రిట్ అంటారు, అది 45 శాతం లోపు ఉండాలి. 2013లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, 45 నుంచి 50 మధ్య వదిలేసినవాళ్లకి గుండె, రక్తనాళాల ముప్పు దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. ఇలా తీసిన రక్తాన్ని మరొకరికి ఎక్కించరు. రక్తంతో పాటు ఒంట్లోని ఇనుమూ పోతుంది. అందుకే మాస్టారికి నీరసం. ఒకసారి పక్కింటావిడ ప్రేమగా ఇనుము టానిక్ సీసా తెచ్చిచ్చింది. మాస్టారి భార్య దాన్ని అలమరలో పెట్టబోయి, ఆగి, అమ్మాయికి ఫోన్ చేసింది. ఇనుము దొరికితే మూలుగ మళ్లీ ఎర్రకణాల్ని ఎడాపెడా పుట్టిస్తుంది, డాక్టరు చెప్పకుండా ఒక్క చెంచా కూడా వద్దని అమ్మాయి చెప్పింది. నన్ను ఎర్రగా చేసిన ఇనుమే మాస్టారి రక్తాన్నీ ఎర్రగా చేస్తోంది. ఆయనకి అది లేకపోతే నీరసం, ఎక్కువైతే ప్రమాదం.

రక్తపు జబ్బుకీ కడుపు మంటకీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. ఈ జబ్బులో హిస్టమిన్ నింపుకుని ఉండే కణాలు కూడా పెరుగుతాయి. కడుపులో ఆమ్లం ఊరించేవాటిలో ఆ హిస్టమిన్ ఒకటి. ఎడమ డొక్కలో ప్లీహం ఉబ్బి కడుపును నొక్కుతుంది, నాలుగు ముద్దలకే నిండిపోయినట్టుంటుంది. వీటన్నిటి మీద రోజూ ఆస్పిరిన్.

ఆ బిళ్ల గురించి నా నెత్తిన చాలా రాత్రులు వాదన జరిగింది.

"ఏమండీ, ఆ చిన్న బిళ్ల మొదలెట్టినప్పట్నుంచే కదూ ఈ మంట. నాలుగు రోజులు మానేసి చూడకూడదూ?"

"మానేస్తే రక్తం గడ్డకడుతుందన్నారు కదే."

"మంటతో నిద్ర లేకపోతే మాత్రం మనిషి నిలుస్తాడా?"

ఆమె బాధలో తప్పు లేదు. ఆస్పిరిన్ కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాల్ని తగ్గిస్తుంది. కానీ యూరప్‌లో 518 మంది మీద జరిగి 2004లో వెలువడిన పరిశోధన, చిన్న మోతాదు ఆస్పిరిన్ ఈ రోగుల్ని గుండెపోటు, పక్షవాతం వంటి గడ్డల ప్రమాదాల నుంచి బాగా కాపాడుతుందని చూపించింది. డాక్టరమ్మ మానమనలేదు. భోజనం చేశాక వేసుకోమంది, ఉదయం పరగడుపున టిఫినుకి అరగంట ముందు పాంటోప్రజోల్ వేసుకోమంది. మంటకని తాగే గులాబీ రంగు మందుకీ ఆస్పిరిన్‌కీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలంది. పేగులోకి వెళ్లాక కరగాల్సిన బిళ్ల పైపూత, ఆ మందు పడితే కడుపులోనే కరిగిపోతుందట. తలనొప్పికీ మోకాళ్లకీ షాపులో దొరికే నొప్పి బిళ్లలు అసలు ముట్టుకోవద్దంది. ఆస్పిరిన్‌కి అవి తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు కాబట్టి అప్పుడప్పుడూ చూసుకుందామంది. ఇంత వివరంగా చెప్పే డాక్టరు దొరకడం ఆ ఇంటి అదృష్టం.

ఒక రాత్రి మాస్టారు లేచి కూర్చున్నారు. మంచం కదిలిన తీరు వేరుగా ఉంది. మంట కాదు, ఛాతీ మధ్యలో బరువు, ఒళ్లంతా చెమట.

"గ్యాసేలే, వాము నీళ్లు పెట్టు" అన్నారు.

ఆమె వంటింట్లోకి వెళ్లలేదు. 108కి ఫోన్ చేసింది. ఆ నిర్ణయాన్ని నేను ఎప్పటికీ గౌరవిస్తాను. మన ఇళ్లలో ఛాతీలో ఏం జరిగినా గ్యాస్ అనుకుని, తెల్లారేదాకా సోడాలూ వాము నీళ్లూ తాగించడం అలవాటు. తేలిగ్గా గడ్డకట్టే గుణమున్న రక్తం కలిగిన మనిషికి ఆ అలవాటు ప్రాణాంతకం. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు చేశారు. గుండె బాగానే ఉంది. ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున పొర ఒరుసుకుపోయి, చిన్నపేగు మొదట్లో చిన్న పుండు కనిపించింది. హెలికోబాక్టర్ అనే క్రిమి ఉందని తేలితే దానికి రెండు రకాల యాంటీబయాటిక్‌లతో రెండు వారాల కోర్సు ఇచ్చారు. "ఊరికే వచ్చామా డాక్టరుగారూ?" అని ఆమె నొచ్చుకుంటే, ఇలాంటి నొప్పికి ప్రతిసారీ రావాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పారట.

ఇప్పుడా ఇంట్లో రాత్రి భోజనం ఏడున్నరకే అయిపోతోంది. పదిన్నర దాకా మాస్టారు పడుకోరు, వరండాలో నడుస్తారు. మూడు పూటల తిండి అయిదు చిన్న వాయిదాలైంది. ఆవకాయ పగటి అన్నంలోకి పోయింది, అదీ వేలితో తాకినంత. గోంగూర వదలడానికి మాత్రం ఆయన మనసొప్పక చాలా బాధపడ్డారు. ఫిల్టరు కాఫీ ఉదయం ఒక్కసారే. పడుకునేటప్పుడు ఎడమవైపు తిరుగుతారు. అలా పడుకుంటే కడుపు అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది. ప్లీహం బరువనిపించిన రోజున కాసేపు వెల్లకిలా తిరిగి మళ్లీ సర్దుకుంటారు.

రోగం పోలేదు, పోయేదీ కాదు. పోయిన నెల హెమటోక్రిట్ 43 వచ్చింది. మంట వారానికి ఏ ఒకసారో పలకరిస్తోంది.

చదువుతున్న మీ ఇంట్లో ఇలాంటి రక్తవ్యాధి ఉన్నవారుంటే నాదొక్క మనవి. గుండెల్లో మంట సంగతి రక్తం డాక్టరుకీ చెప్పండి, ఆస్పిరిన్‌ని మీ అంతట మీరు ఆపకండి. మలం తారులా నల్లగా కనిపించినా, ఛాతీలో బరువుతో చెమట పట్టినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి.