మేళకర్త బామ్మర్ది

మా బామ్మర్దికి కుక్కర్ కూత వినపడదు, దాని శ్రుతి వినపడుతుంది. పప్పు అడుగంటి ఆ వాసన లైన్ చివరి క్వార్టర్ దాకా పోతున్నా స్టవ్ పక్కనే నిలబడి, "బావా, ఈ విజిల్ జెర దిగింది, విన్నవా?" అంటాడు. దిగాల్సింది కుక్కర్ అని మా ఆవిడ పరుగెత్తుకొచ్చి దించేదాకా తట్టదు.

ఇలాంటి శాల్తీ మీ చుట్టాల్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఎం.ఏ. అయిపోయి, పీహెచ్‌డీలో చేరి, అది ఎన్నో ఏడో అడిగితే మొహం ముడుచుకుని, ఏదో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పీరియడ్ల లెక్కన తెలుగు చెబుతూ, వచ్చిన నాలుగు డబ్బులూ హెడ్‌ఫోన్లకు పోసేవాడు. పాడమంటే తన గొంతు బాగా లేదంటాడు. మనం పాడితే మన గొంతు బాగా లేదంటాడు. పెళ్లి బరాతులో అందరూ చిందేస్తుంటే బ్యాండువాళ్ల దగ్గరికి పోయి క్లారినెట్ ఆయన్ని ఏ రాగమని అడుగుతాడు. ఆయన రేటు చెబుతాడు.

గోదావరిఖనిలో ఇలాంటివాడు పుట్టడమే వింత. ఇక్కడ మగపిల్లాడు పుట్టగానే బొగ్గుబాయిల నౌకరీ లెక్కలు మొదలవుతాయి. వారసత్వ ఉద్యోగాల కోసం 2017లో సమ్మె చేసిన నేల ఇది. మా మామ టింబర్‌మన్‌గా చేసి చేసి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. కొడుకు ఊఁ అంటే చాలు, నౌకరీ వచ్చేది. వీడు ఊహూఁ అన్నాడు. "బాయిల చప్పుడుకు నా చెవులు పోతయి బాపూ" అన్నాడట. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులోనే పనిచేసినాయన ఏమీ అనలేదు. అనాల్సిందంతా నేనన్నాను. ఎవరికి వినపడింది?

నేను ఓవర్‌మన్ని. రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, రెండు రొట్టెలు తిని పక్కమీద వాలే వేళకు వీడి ఫోన్‌లో తంబూరా మొదలవుతుంది. పొద్దుటి రాగాలు పొద్దున్నే వినాలట. భూపాలం, బౌళి వరసగా దిగుతాయి. "అరే, నీలాంబరి జోలపాటల రాగమంటవు గదా, అదన్నా పెట్టరాదు" అన్నాను ఓసారి. ఎంత నొచ్చుకున్నాడో! "అది రాత్రి రాగం బావా, పొద్దుగాల పెట్టొద్దు."

"నా రాత్రి ఎనిమిదింటికే షురూ అయితదిరా."

"నీకు షిఫ్టులు మారుతయి గని, రాగాలకు మారయి బావా."

మా ఆవిడ పక్కగదిలోంచి నవ్వింది. ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడేందుకు ఒక్క యూనియన్ కూడా లేదు.

అసలు జబ్బు ఇంకా చెప్పలేదు. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు 72. పేరులోని మొదటి రెండక్షరాలను అంకెలుగా మార్చి తిరగేస్తే ఆ రాగం నంబరు వచ్చేట్టు పెద్దలు పేర్లు పెట్టారు. మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు, తిరగేస్తే 65. ఈ లెక్కను కటపయాది అంటారు. తెలివైన ఏర్పాటే, కాదనను. కాని దీన్ని పాఠశాలలో పిల్లలకు చెప్పి ఊరుకోవాలి గాని రేషన్ షాపు లైన్‌లో వాడకూడదు. మా క్వార్టర్ నంబరు 65 కావడం నా ఖర్మ. అక్కగారింటికి రావడానికి వీడికి అదే కారణం, "కల్యాణిలో ఉంటున్నవు బావా, అదృష్టం" అంటాడు. పక్కింటి 64 వాచస్పతి. ఆ ఇంట్లో ఉండేది ఓ యూనియన్ పిట్ సెక్రటరీ. గేట్ మీటింగులో మైకు చేతికిస్తే షిఫ్టు మొదలయ్యే వేళైనా దిగడు. ఈ ఒక్క విషయంలో శాస్త్రం నిజమేనని ఒప్పుకున్నాను. ఒప్పుకోవడంతోనే వాడికి సందు దొరికింది.

ఒకటో ఇంక్లైన్ కనకాంగి, ఒళ్లంతా బంగారమట, నల్లదైనా బంగారమే గదా అంటాడు. ఎనిమిదోది హనుమతోడి. పదకొండోది కోకిలప్రియ. అక్కడ మ్యాన్‌వే దిగుతూ చెమటలు కక్కేవాళ్లకు ఈ సంగతి చెప్పమన్నాను, చెప్పలేదు. ఊళ్లకూ ఇదే లెక్క. రామగుండంలో ర రెండు, మ అయిదు, 52, రామప్రియ. కరీంనగర్ 21, కీరవాణి. కొత్తగూడెం 61, కాంతామణి. సింగరేణి అయితే 37, సాలగం. అందులో ఒకదాని పక్కన ఒకటి పొసగని స్వరాలుంటాయట, వివాది రాగమంటారట. గుర్తింపు సంఘం ఎన్నికల నెలలో ఈ మాట చెప్పి మా మామను కూడా నవ్వించాడు. మరి మన గోదావరిఖనో అని అడిగాను. వేళ్లు మడిచాడు. గ మూడు, ద ఎనిమిది, 83. డెబ్బై రెండు దాటిపోయింది. "మన ఊరికి రాగం లేదు బావా" అన్నాడు, మున్సిపాలిటీ వాళ్లు కుట్రచేసినట్టుగా.

పాఠం మాత్రం బాగా చెబుతాడు, ఈ మాట రాయకపోతే మా ఆవిడ అన్నం పెట్టదు. ఛందస్సు పేరు చెబితే పారిపోయే పిల్లలకు ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ అని బట్టీ పట్టించడు, పద్యం పాడి మొదటి అక్షరానికి జత కలిసే అక్షరం ఎక్కడ వినపడిందో చెప్పమంటాడు. యతిస్థానం వాళ్లకే దొరుకుతుంది. డంపర్ ఆపరేటర్ల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు చంపకమాలకు గణవిభజన చేస్తుంటే కిటికీలోంచి నా కళ్లతో చూశాను. కాకపోతే ఏ పద్యం ఏ రాగంలో పాడాలన్న దగ్గర తనతో తనకే పేచీ పడుతుంది. మోహనలో ఎత్తుకుంటాడు, బాగా లేదంటాడు, కల్యాణికి పోతాడు, ఆలాపన సాగుతుంది, బెల్లు కొడతారు. పద్యం రేపటికి.

పీహెచ్‌డీ మన పల్లెపాటల్లో రాగచ్ఛాయల మీద. సద్దుల బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడతాడు, అది ఫీల్డ్‌వర్క్. కిందటేడు పాట ఆపించి మరీ, "ఇందాక్నుంచి మీరు నాలుగు స్వరాలు దాటలే" అని ప్రకటించాడు. మా అత్త నడుమున చెయ్యి పెట్టుకుంది. "గా నాలుగు స్వరాలతోనే తొమ్మిది దినాలు ఆడుతున్నం కొడుకా. నీ డెబ్బై రెండు రాగాలతోని ఒక్క చాప్టర్ రాయకపోతివి." ఆ రోజు గౌరమ్మకు నేను మనసారా దండం పెట్టాను.

లాభాల వాటా పడ్డ నెలలో వీడు అక్కను చూడాలనిపించి వస్తాడు. కిందటిసారి హార్మోనియం. పాతదే, చవకే, మళ్లీ దొరకదట. ఇచ్చిన డబ్బు గురించి అడగడం మానేశాను. అడిగితే మా ఆవిడ మొహంలో శుభపంతువరాళి.

ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పడితే కిటికీలు గజగజమంటాయి, గోడలు బీటలిస్తాయి. మా మామ ఇంటి వసారా పైపెచ్చు ఒకచోట ఉబ్బింది. ముసలాయన చేతికర్ర ఎత్తి తట్టాడు. బాయిలో కప్పు కింద నిలబడే ముందు మేమంతా చేసే పనే ఇది. గడ్డపారతో తడితే ఖంగుమంటే గట్టి, డొల్లగా పలికితే ఊడిపడేది. ఎన్ని మిషన్లొచ్చినా చెవికి మించింది లేదు. ఆయన మళ్లీ తట్టాడు. "డొల్ల" అన్నాడు. పక్కనున్న కొడుకు కళ్లు మూసుకుని, "మంద్రపంచమం బాపూ" అన్నాడు. తండ్రి ఇంకో జానెడు అవతల తట్టాడు. "ఇక్కడ?" "ఎక్కువుంది. షడ్జానికి వచ్చింది." "అంటే ఇక్కడిదాకనే ఊడుతది" అని ముసలాయన సుద్దముక్కతో గీత గీశాడు. హార్మోనియాన్ని గీత ఇవతలకి జరిపించాడు. రెండు రోజులకు పెచ్చు గీత దాకా పడింది, ఇవతల చిన్న ముక్క కూడా రాలలేదు. వాళ్లిద్దరూ దాన్ని చూస్తూ చాయ్ తాగారు. నేను తట్టలకెత్తి పోశాను.

ఈ జబ్బు అంటుకుంటుంది కూడా. మొన్న రాత్రి షిఫ్టులో హాలేజీ దగ్గర కొత్తగా బదిలీపై వచ్చిన అండర్ మేనేజర్ పేరు చెప్పగానే నా వేళ్లు వాటంతట అవే మడతపడ్డాయి. ఆయన నేను మస్టర్లు లెక్కేస్తున్నాననుకున్నాడు.

పెళ్లిచూపుల సంగతి రాయొద్దని మా ఆవిడ ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు తీసి గట్టుమీద పెట్టి రాస్తున్నాను. పిల్ల స్కూల్ టీచర్. పేరు సంధ్య. ఈ పేరు కోల్‌బెల్టులో వీధికొకటి కనక చెప్పినా ఫరవాలేదు. ఏమన్నా అడుగు బాబూ అన్నారు పెద్దలు. వీడు సకినం పక్కనపెట్టి వేళ్లు మడిచాడు. స ఏడు, ధ్యలో చివరిది య, ఒకటి. తిరగేస్తే 17. మొహం విప్పారింది. "సూర్యకాంతం!" అన్నాడు గట్టిగా.

వీడన్నది పదిహేడో మేళకర్త సంగతి. అది మా ఇద్దరికే తెలుసు. మిగతా వాళ్లందరికీ తెలిసింది ఒకే సూర్యకాంతం, సినిమాల్లో కోడళ్లను ఏడిపించిన గయ్యాళి అత్త. ఆ నటి ధాటికి తెలుగునాట ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడమే మానేశారని చెప్పుకుంటారు. పిల్ల తల్లి లేచి నిలబడింది. మా మామ చేతికర్ర కోసం తడుముకున్నాడు. నేను చెప్పుల వైపు చూశాను. పిల్ల మాత్రం, "ఆ లెక్క ఎట్లొచ్చిందో చెప్పండి" అంది. వీడు చెప్పాడు. పెళ్లిచూపులకొచ్చి క్లాసు పీకాడు. ఆమె విన్నంతసేపూ విని, వీడి పేరు తీసుకుని తన వేళ్లు మడిచింది. "ఎనభై దాటింది. అంటే మీకు రాగమే లేదన్నమాట."

సంబంధం కుదిరింది. థీసిస్ సబ్మిట్ చేశాకే లగ్నం అని ఆమె షరతు. అప్పటినుంచీ చాప్టర్లు గైడుకన్నా ముందు అక్కడికి పోతున్నాయి. మొన్న రెండోది తిరిగొచ్చింది, పేజీ నిండా ఎర్రసిరా. మార్జిన్‌లో, "ఆలాపన ఎక్కువైంది, పద్యానికి రండి" అని రాసుంది. వీడు అది పట్టుకుని, నేను నైట్‌షిఫ్ట్ దిగి పడుకున్న గదిలోకి వచ్చి లైటు వేశాడు.

"చూసినవా బావా, ఏం చెవి!"