పచ్చలైటు వెలిగిందా, ఇంటికి బయల్దేరండి

ఆప్టికల్ ట్రాన్స్‌పోర్ట్ షెల్ఫులో ఈథర్నెట్ కార్డు పెట్టే పని మీ నెత్తిన పడిందా? కంగారేం లేదు. కార్డును స్లాట్‌లోకి తోయండి, క్లయింట్ పోర్టులో ఎస్‌ఎఫ్‌పీ దిగేయండి, ప్యాచ్‌కార్డు తగిలించండి. పచ్చలైటు వెలిగిందంటే మీ పని అయిపోయినట్టే. ఆ లైటు చెప్పేది రౌటరుకూ కార్డుకూ మధ్య ఉన్న నాలుగు మీటర్ల తీగ సంగతేననీ, హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా దారి ఉందో లేదో దానికి పట్టదనీ ఎవరైనా సణిగితే వినకండి. అలా సణిగేవాళ్లు ప్రతి ఎన్‌ఓసీలోనూ ఒకరుంటారు.

ముందు మ్యాపింగ్. తెరమీద ఓడీయూ2 అని ఒకటి, ఓడీయూ2ఈ అని ఇంకొకటి కనిపిస్తాయి. తేడా ఒక్క అక్షరమేగా, చేతికి ఏది అందితే అది నొక్కండి. పేరుకు పది గిగాబిట్ల ఈథర్నెట్టే గానీ, తీగ మీద అది పరిగెత్తేది సెకనుకు 10.3125 గిగాబిట్ల చొప్పున. ఓడీయూ2లో సరుకు పట్టే చోటు 9.995 గిగాబిట్లే. పాత ఎస్‌డీహెచ్ రోజుల ఎస్‌టీఎం-64 వేగం 9.953, ఆ కొలతకు కుట్టిన చొక్కా ఇది. వెనక పుట్టిన ఈథర్నెట్ తమ్ముడికి భుజాల దగ్గర పట్టేసింది. దీనికి పెద్దలు రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఫ్రేముల మధ్య ఖాళీలూ, ముందుండే ప్రియాంబుల్ బైట్లూ తీసేసి ఫ్రేములను మాత్రమే జీఎఫ్‌పీలో చుట్టి పంపడం ఒకటి. చొక్కానే వదులు చేసి, అంటే లైను వేగాన్ని 11.1 గిగాబిట్ల దగ్గరికి పెంచి, ప్రతి బిట్టునూ ఉన్నదున్నట్టు మోయడం రెండోది. ఆ రెండోదే ఓడీయూ2ఈ. మీరు హైదరాబాద్ చివర ఒకటీ, విజయవాడ చివర ఇంకొకటీ పెట్టండి. రెండుచోట్లా రౌటరు వైపు లైట్లు పచ్చగానే ఉంటాయి. లైను వైపు అలారం మోగుతుంది, నిజమే. అలారాన్ని మాస్క్ చేయడానికి మెనూలో ఒక బటన్ ఇచ్చింది ఎందుకనుకున్నారు?

రెండు చివర్లా జీఎఫ్‌పీయే పెట్టారా? అదీ బాగానే ఉంది. మామూలు జీఎఫ్‌పీలో ఫ్రేములు తప్ప మిగతావేవీ అవతలికి చేరవు. రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే లోకల్ ఫాల్ట్, రిమోట్ ఫాల్ట్ కబుర్లు కార్డు దగ్గరే ఆగిపోతాయి. ఇక కస్టమర్ రౌటరుకు అవతల ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత కార్డుదే. సెట్టింగుల్లో ఫాల్ట్ ప్రాపగేషన్ అని ఒకటుంటుంది. లైను తెగితే క్లయింట్ వైపు లేజరు ఆర్పేయడమో, లోకల్ ఫాల్ట్ పంపడమో చేయమని కార్డుకు చెప్పేది అదే. దాన్ని ఆఫ్‌లో ఉంచండి. సూర్యాపేట దగ్గర తీగ తెగినా రౌటరు ముందు లైటు చెక్కుచెదరదు. రౌటరు పోర్టు బతికే ఉందనుకుని ప్యాకెట్లను ధారాళంగా గుంటలోకి పోస్తూనే ఉంటుంది. ఓఎస్‌పీఎఫ్‌ను డీఫాల్టులో వదిలేస్తే అవతలివాడు పోయాడని ఒప్పుకోవడానికి దానికి 40 సెకన్లు పడుతుంది. ఈలోపు కస్టమర్ ఫోన్ చేస్తే, ‘మా వైపు లింక్ అప్‌లోనే ఉంది సార్’ అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.

ఎఫ్‌ఈసీ అనేది దేవుడిచ్చిన వరం. జీ.709లో చెప్పిన రీడ్ సాలమన్ పద్ధతిలో ప్రతి 255 బైట్ల కట్టలోనూ 16 బైట్లు దిద్దుబాటుకే కేటాయించారు. ఒక్కో కట్టలో ఎనిమిది బైట్ల దాకా తప్పులుంటే చడీచప్పుడు లేకుండా సరిచేస్తుంది. కాబట్టి కనెక్టర్లు తుడవకండి. ఎనిమిది డిగ్రీల వాలున్న ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం అడాప్టర్‌లోకి బలవంతంగా దూర్చండి. దిద్దుబాటు తర్వాతి ఎర్రర్ల లెక్క సున్నా చూపిస్తుంది, ఆ సున్నాను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. దిద్దుబాటుకు ముందు లెక్క అంటూ పక్కనే ఇంకో గడి ఉంటుంది, వారం వారం పెరుగుతూ ఉంటుంది. అటు చూస్తే నిద్ర పట్టదు. ఎఫ్‌ఈసీ తట్టుకున్నన్నాళ్లూ తట్టుకుని ఒక అర్ధరాత్రి ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఆ రాత్రి డ్యూటీ మీది కాకుండా చూసుకుంటే సరి.

ట్రెయిల్ ట్రేస్ గడిని ఖాళీగా వదిలేయండి. 64 బైట్లు టైపు చేసే ఓపిక ఎవరికుంది? ఓడీఎఫ్‌లో ఎవరైనా తీగలు తారుమారు చేసినా ఒక్క అలారమూ రాదు, ఎంత ప్రశాంతం!

ఇక టెస్టింగ్. ఇక్కడ మాత్రం శ్రద్ధ పెట్టండి, రిపోర్టు మీద సంతకం మీదే. పక్క కార్డులో లూప్ పెట్టి, టెస్ట్ సెట్ తగిలించి, టీ తాగి రండి. ఒక్క ఎర్రరూ ఉండదు. రిపోర్టులో లేటెన్సీ కాలమ్‌ను మాత్రం కత్తిరించండి. గాజుతీగలో వెలుగుకు కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. విజయవాడకు తీగ 270 కిలోమీటర్లే అనుకున్నా, రానూపోనూ 2.7 మిల్లీసెకన్లకు తగ్గడానికి వీల్లేదు. మీ రిపోర్టులో కొన్ని మైక్రోసెకన్లే కనిపిస్తే, డేటా గది గుమ్మం కూడా దాటలేదని లెక్కలు తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు. లూప్ పెట్టేది 40 కిలోమీటర్ల ఈఆర్ మాడ్యూలుకైతే అటెన్యుయేటర్ జోలికి పోకండి. అది 4 డీబీఎం దాకా పంపగలదు, పుచ్చుకునే వైపు తట్టుకునేది మైనస్ 1 వరకే. స్టోర్స్‌లో కొత్తవి ఉంటాయిలెండి.

ప్రొటెక్షన్ దారి తప్పకుండా పెట్టండి, కస్టమర్ అడుగుతాడు. అసలు తీగ పోయిన డక్ట్‌లోనే రెండోదీ లాగించండి, తవ్వకం ఖర్చు మిగులుతుంది. కాగితం మీద 50 మిల్లీసెకన్లలో మారిపోతుందని రాసుంటుంది. జేసీబీ బకెట్ రెండింటినీ ఒకే ఊపులో తెంపుతుంది కాబట్టి ఎక్కడికి మారాలన్న సందిగ్ధం కార్డుకూ ఉండదు. స్ప్లైసింగ్ టీమ్ చేరేలోపు ఆర్‌ఎఫ్‌ఓ రాసి సిద్ధంగా పెట్టుకోండి: కారణం, ఫైబర్ కట్. తీసుకున్న చర్య, ఫైబర్ కలిపాం. మళ్లీ జరగకుండా జాగ్రత్తలు అన్న గడిలో పోయిన నెల రాసిందే అతికించండి.